పోటుకి అందని సర్క్యులర్

మా ప్రాంతంలోని ఎనిమిది హైస్కూళ్ళ పిల్లలకి ప్రకృతిని చూపించే బాధ్యత నా మీద పడింది. స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో వెనక వరసలోంచి బిస్కెట్ల ప్లేటు కోసం చెయ్యెత్తాను. "సైన్సు మాస్టారు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు" అని మినిట్స్‌లో రాసేసుకున్నారు. ప్లేటు నా దాకా రానేలేదు.

ఆ మర్నాటి నుంచి నేను సమన్వయకర్తని. ఇరవై రెండేళ్ళుగా వానలు పడగానే పిల్లల్ని ఊరి చెరువు గట్టుకి తీసుకెళ్ళి కప్ప గుడ్లు చూపిస్తూనే ఉన్నాను. హెచ్చెమ్ గారితో "అలా వెళ్ళొస్తామండీ" అంటే సరిపోయేది. దాన్ని సమన్వయం అనరట, తిరగడం అంటారట. ఎనిమిది బడులు ఒకే రోజున, ఒకే చోట, ఒకే ఫార్మాట్‌లో తిరిగితే అది సమన్వయం.

ఇదంతా ఎవరో సరదాకి పెట్టింది కాదు లెండి. పర్యావరణం చదువులో తప్పనిసరిగా ఉండాలని ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా గడపాలని 2020 జాతీయ విద్యా విధానం అంది. మంచి మాటే. పిల్లల భుజాల మీంచి సంచి దిగింది. దాని బరువు మాత్రం ఎక్కడికీ పోలేదు, ఫైలు రూపంలో నా బీరువాలో ఉంది.

చోటు విషయంలో గొడవ రాలేదు. కోరంగి మడ అడవులు. కాకినాడకి కూతవేటు దూరం, 1978 నుంచి అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్లు. బావురు పిల్లి, నీటికుక్క, బురద మీద గెంతే చేపలు, ఒక చెయ్యి ఎవరో తెచ్చి అతికించినంత పెద్దగా ఉండే ఎర్ర పీతలు. మట్టిలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచే శ్వాస వేళ్ళు. పుస్తకంలో ఆ వేళ్ళ బొమ్మ అగ్గిపెట్టె అంత ఉంటుంది. అది గీసిన పిల్లలు మొక్కజొన్న చేను అనుకుని రంగులేస్తారు. పైగా కోరంగి చరిత్ర ఉన్న ఊరు. బర్మా వెళ్ళిన మనవాళ్ళని అక్కడ 'కోరంగీలు' అన్నారంటే ఈ రేవు పేరే. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు ఆ ఊరిని తుడిచిపెట్టాయి. 'సైక్లోన్' అన్న ఇంగ్లీషు మాటని పుట్టించిన పిడింగ్టన్ దొర రాతల్లో కోరంగి ఉప్పెనకి పెద్దపీట ఉంది. ఇవన్నీ చెప్పాలని ఉబలాటపడుతూ మీటింగుకి వెళ్ళాను.

మీటింగులో మొదటి అంశం ఫ్లెక్సీ సైజు.

రెండోది తేదీ. నేను ఒక గురువారం అన్నాను. కమిటీ పెద్దాయన సంచిలోంచి పంచాంగం తీశారు. కళ్ళజోడు పైకి నెట్టి, వేలు తడి చేసుకుని పేజీ తిప్పారు. వర్జ్యం చూశారు, దుర్ముహూర్తం చూశారు, చివరికి తిథి దగ్గర వేలు ఆగింది.

"అష్టమండీ. అష్టమి నాడు పసిపిల్లల్ని నీళ్ళ దగ్గరికి పంపుతారా మాస్టారూ?"

ఎనిమిది మంది హెచ్చెమ్‌లూ ఒక్కసారి ఉలిక్కిపడ్డారు. తేదీ తొమ్మిది రోజులు జరిగి శనివారం విదియకి పడింది. ఆ రోజు ఎలాగూ సంచి లేని శనివారం కాబట్టి రెండు పిట్టలూ ఒకే దెబ్బకి పడ్డాయని అందరూ సంతోషించారు. పక్షులుండే అభయారణ్యానికి వెళ్తున్నాం కదా, ఆ సామెత మినిట్స్‌లో రాయొద్దని బతిమాలుకున్నాను.

ఆపైన పత్రాలు. తల్లిదండ్రుల అంగీకార పత్రం, హెచ్చెమ్ సిఫారసు, పైవాళ్ళ అనుమతి, అటవీ శాఖకి విన్నపం, పోలీసు స్టేషనుకి సమాచారం, పీహెచ్‌సీకి సమాచారం, బస్సు ఫిట్‌నెస్ నకలు, డ్రైవరు లైసెన్సు నకలు. ఒక్కో పిల్లవాడి వెనక మొత్తం పద్నాలుగు సంతకాలు లెక్క తేలాయి. వీటికి తోడు భద్రతా చెక్‌లిస్టు. దాన్ని ఎవరో పర్వతారోహణ శిబిరం నుంచి తెచ్చి పేరు మార్చారు. మే నెల ఎండ ఇంకా తగ్గని కాకినాడలో నూట అరవై మంది పిల్లలకి 'ఉన్ని టోపీ ఉన్నదా?' అన్న ప్రశ్నకి అవును అని టిక్కు పెట్టాను. కాదు అని పెడితే ఫారం ముందుకి కదలదు.

నవ్వుతున్నాను గానీ, ఆ భయం అబద్ధమని నేననను. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. రాళ్ళ మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళు ఎప్పుడొస్తాయో ఆ పిల్లలకి చెప్పినవాళ్ళు లేరు. ఆ వార్త చదివిన రోజు నుంచీ ఏ మాస్టారికైనా నీళ్ళంటే గుండె జారుతుంది. అందుకే ఆ పత్రాలన్నీ రాత్రి పదకొండింటి దాకా మళ్ళీ మళ్ళీ తిరగేశాను, నీళ్ళు ఎప్పుడొస్తాయి అనే గడి ఎక్కడైనా ఉందేమోనని. లేదు. ఏ కాగితం చూసినా, ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది కాదో మాత్రం వివరంగా ఉంది.

సరే, శనివారం నాలుగు బస్సులు బయల్దేరాయి. ఎనిమిదిన్నరకి చేరాలి. జెండా ఊపాల్సిన పెద్దలు రావడం ఆలస్యమై పదిన్నరకి చేరాం. చెక్క వంతెన మీద పిల్లలు బడుల వారీగా, ఎత్తుల వారీగా నిలబడ్డారు. "పిల్లలూ, కిందకి చూడండి, శ్వాస వేళ్ళు!" అన్నాను, నెల రోజులుగా సాధన చేసిన గొంతుతో.

కింద నీళ్ళు. బురద లేదు, పీత లేదు, గెంతే చేప లేదు, వేలి కొస కూడా లేదు. చెట్ల నడుము దాకా గోధుమ రంగు నీళ్ళు నిండుగా, తీరిగ్గా ఊగుతున్నాయి.

"మునిగాయి," అన్నాను కాసేపటికి.

నూట అరవై మంది 'మునిగాయి' అని నోటుబుక్కులో రాసుకున్నారు.

ఇంతలో ఫ్లెక్సీ కట్టే హడావుడి. నిలబెట్టడానికి గుంజలు తేవడం సమన్వయంలో తప్పిపోయింది. ఇద్దరు మాస్టార్లు తాడు పట్టుకుని వంతెన పక్కన వంగిన కొమ్మని లాగారు. కొమ్మ పుటుక్కున విరిగి, తెల్లటి పాలు కారాయి. "వదలండి బాబూ, వదలండి, అది తిల్ల!" అని గార్డు పరుగెత్తుకొచ్చాడు. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. మాస్టార్లిద్దరూ చేతులు గాల్లో పెట్టుకుని, దేన్నీ తాకకుండా, బస్సు దాకా నడిచారు. ఆ రోజు పిల్లలు పూర్తిగా, కళ్ళారా నేర్చుకున్న చెట్టు అదొక్కటే. నివేదికలో దాన్ని ప్రయోగాత్మక బోధన అని రాశాను.

మూడో బస్సులో వచ్చిన మా ఎనిమిదో తరగతి కుర్రాడు ఒకడు రాసుకోకుండా కమ్మీకి ఆనుకుని నిలబడ్డాడు. వాళ్ళది సముద్రపు ఒడ్డు పల్లె. తండ్రి వేటకెళ్తాడు. వాణ్ణి వాళ్ళ ఇంటి పక్క ఉండే పీతల్ని చూపించడానికి పాతిక కిలోమీటర్లు బస్సులో తెచ్చామన్న సంగతి నాకు అప్పుడే తట్టింది.

"ఏరా, రాసుకోవేం?"

"ఇవ్వాళ విదియ కదండీ. అమాస ఎల్లిన రెండో రోజు. ఈ టైముకి పోటే ఉంటాదండి. నీరు తియ్యాలంటే నాలుగు దాటాలండి."

"మరి బురద ఎప్పుడు కనబడుతుంది?"

వాడు వేళ్ళ మీద లెక్కేశాడు. పోటు రోజూ ముప్పావుగంట పైన ఆలస్యమవుతుందన్న లెక్క నేను చంద్రుడి పాఠంలో బోర్డు మీద బొమ్మేసి చెబుతాను. యాభై నిమిషాలు, రెండు మార్కుల ప్రశ్న. వాడు బోర్డు లేకుండానే చెప్పాడు.

"అష్టమికొచ్చుంటే ఈపాటికి బురద తేలుండేదండి."

కమిటీ పెద్దాయన పక్కనే కొబ్బరి బోండాం తాగుతున్నారు. ఆయన సంచిలోంచి పంచాంగం అంచు కనబడుతూనే ఉంది. ఆ కుర్రాడి తండ్రి వల వేసేది కూడా ఆ తిథి చూసే.

నాలుగింటిదాకా ఉందామని అడిగాను. అనుమతి పత్రంలో మూడున్నరకి తిరుగు ప్రయాణం అని ఉంది. మార్చాలంటే పద్నాలుగు సంతకాలూ మళ్ళీ మొదటినుంచి. మూడున్నరకి బస్సులు కదిలాయి. వెనక అద్దంలోంచి చూస్తే చెట్ల మొదళ్ళ దగ్గర నల్లటి తడి చార ఒకటి తేలుతోంది. పిల్లలు చూడలేదు, వాళ్ళకి చిక్కీలు పంచుతున్నారు.

సోమవారం నివేదిక నింపాను. 'చూసిన జీవజాతుల సంఖ్య' అన్న గడి ఖాళీగా వదిలితే ఆన్‌లైన్ ఒప్పుకోలేదు. ఒకటి అని కొట్టి, తిల్ల అని రాశాను. 'రిసోర్స్ పర్సన్ పేరు, హోదా' అన్న చోట ఆ కుర్రాడి పేరు, ఎనిమిదో తరగతి, బి సెక్షన్ అని రాశాను. అర్హత పత్రం జతచేయలేదని రెండు రోజుల్లో తిప్పి పంపారు. నా పేరు రాసి పంపితే వెంటనే ఆమోదం వచ్చింది.

సమీక్షా సమావేశంలో కార్యక్రమం నూటికి నూరు శాతం విజయవంతం అని తేల్చారు. వచ్చే ఏడాదికి పెద్దాయన ఇప్పుడే పంచాంగం చూసి పౌర్ణమి ఖాయం చేశారు. ముహూర్తం దివ్యంగా ఉందట, వర్జ్యం కూడా సాయంత్రమేనట.

తరగతిలో ఆ సంగతి చెబితే కుర్రాడు తలొంచుకుని కాసేపు నవ్వుకున్నాడు.

"అయితే బస్సులతో పాటు పడవలు కూడా రాయించండి మాస్టారూ."