మూడో మనిషి

ఆమె పీహెచ్‌డీ దేని మీదో విన్నవాళ్ళు ముందు నవ్వేవాళ్ళు. వెటకారం మీద. తెలుగువాళ్ళ వెటకారాన్ని ఏఐ పట్టుకోగలదా, పట్టుకుంటే మనిషంత బాగా పట్టుకోగలదా అన్నది తేల్చాలి. చేరింది సమాజశాస్త్రంలో, రోజంతా రాసేది మాత్రం పైథాన్ కోడు. దీన్ని కంప్యూటేషనల్ సోషల్ సైన్స్ అంటారని చెబితే హాస్టల్ మెస్సులో పక్కవాళ్ళు "అంటే సాఫ్ట్‌వేర్ జాబేగా?" అని చారు పోసుకునేవాళ్ళు.

ఆమె గైడు పాతకాలం మనిషి. "ఉస్మానియాలో పాఠాలు చెప్పిన దూబే గారు 1951-52లో వేరే వేరే శాఖలవాళ్ళని వెంటబెట్టుకొని శామీర్‌పేటలో దిగారమ్మా. 1955లో వచ్చిన 'ఇండియన్ విలేజ్' పుస్తకం అలా పుట్టింది. నువ్వేమో తార్నాక బస్టాపు దాకా కూడా కదలనంటావు" అనేవారు. అంటూనే సంతకం పెట్టేవారు. ఏఐ అన్న మాట ఉంటే సెమినార్లకు డబ్బు తేలిగ్గా వస్తుందని ఆయనకూ తెలుసు.

2009లో డేవిడ్ లేజర్ బృందం 'సైన్స్' పత్రికలో ఈ కంప్యూటేషనల్ సోషల్ సైన్స్‌కు కొబ్బరికాయ కొట్టింది. జనం ఫోన్లలో, నెట్‌లో వదిలిపోయే జాడలను బట్టి సమాజాన్ని చదవొచ్చని వాళ్ళ ఆశ. ఆ జాడలన్నీ కంపెనీల గుప్పిట్లో చిక్కుకుంటాయేమోనన్న భయం కూడా అదే వ్యాసంలో ఉంది. ఆమె వంతు వచ్చేసరికి ఆశ కంటే భయమే ఎక్కువ ఫలించింది. ట్విట్టర్ 2021లో పరిశోధకులకు నెలకు కోటి ట్వీట్ల దాకా ఉచితంగా ఇచ్చేది. యజమాని మారాక, 2023లో ఆ తలుపు మూసేసి, బయట రేటు బోర్డు పెట్టింది. ఆ రేటుకు స్కాలర్ల ఫెలోషిప్ ఏ మూలకూ రాదు. ఫేస్‌బుక్‌లో ఏది ఎంత తిరుగుతోందో చూపించే క్రౌడ్‌టాంగిల్‌ను మెటా 2024 ఆగస్టు 14న ఆపేసింది. జనం అసలు మాట్లాడుకునేది వాట్సాప్‌లో. అక్కడ అవతలివాళ్ళకు తప్ప ఎవరికీ వినపడదు.

మిగిలింది యూట్యూబ్. దాని కింద కామెంట్లకు కొదవ లేదు, వెటకారానికి అసలే లేదు.

విషయం ఎంచుకోవడానికి ఆమె కష్టపడలేదు. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. ఆడవాళ్ళు ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొడతాడు. ఆ రోజు నుంచి ఉచిత బస్సు మీద వచ్చిన ప్రతి వీడియో కిందా యుద్ధమే. దీవెనలు, శాపనార్థాలు, ఆటోవాళ్ళ గోడు. వాటి మధ్య దీవెన వేషం వేసుకొని తిరిగే తిట్లు ఎన్నో!

కామెంట్లు గుంజుకోవడం అరపూట పని. వాటిని చదవగలిగేలా చేయడానికి ఏడాది పట్టింది. మనవాళ్ళు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు కదా. 'బాగుంది' అన్న ఒక్క మాటను ఒకడు ఒక 'ఏ'తో రాస్తాడు, ఒకడు రెండింటితో, ఇంకొకడు 'డి' పక్కన 'హెచ్' తగిలిస్తాడు. యంత్రానికి అవి మూడు వేర్వేరు మాటలు. వాటికి మన విభక్తులు, సంధులు తోడయ్యాయి. అన్నిటినీ ఒక దారికి తెచ్చేసరికి ఆమెకు కళ్ళజోడు నంబరు మారింది.

ఆ తర్వాత అసలు పరీక్ష. యంత్రం చెప్పింది సరైనదో కాదో తేల్చాలంటే ముందు మనుషులు చెప్పాలి. ప్రతి కామెంటుకూ ఎదురుగా మెప్పు, తిట్టు, వెటకారం, ఏదీ కాదు అన్న నాలుగింటిలో ఒకటి రాయాలి. ముగ్గురు విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా రాయాలి. కామెంటుకు ఇంతని కూలి. ఎం.ఏ. చదివే కుర్రాళ్ళు ఇద్దరు దొరికారు. బయటి మనిషి కూడా ఒకరుంటే మంచిదని గైడు అన్నారు.

తార్నాకలో థీసిస్‌లు టైపు చేసి, జిరాక్సు తీసి, బైండింగు వేసే షాపుంది. అందులో పనిచేసే అక్క రోజూ లాలాపేట నుంచి జీరో టికెట్ మీదే వస్తుంది. ఎవరి చేతిరాతైనా చదువుతుంది, ఎంత వంకర టైపింగయినా అర్థం చేసుకుంటుంది. ఆమెను అడిగితే సరేనంది. ఒక్క మాట మాత్రం అంది: "మా బస్సుల ఎవ్వరు కామెంట్లు పెట్టరు చెల్లె. నిలబడనీకె రెండు చేతులు గావాలె." ఈ శాస్త్రంలో శాంపిలింగ్ దోషమనే పెద్ద అధ్యాయం ఒకటుంది. అక్క దాన్ని రెండు వాక్యాల్లో చెప్పేసింది. స్కాలరమ్మ నవ్వి ఊరుకుంది.

కుర్రాళ్ళ ఫైళ్ళు వారం తిరక్కుండానే వచ్చాయి. అక్క నెలలు తీసుకుంది. షాపు సద్దు మణిగాక, ఒక్కో కామెంటు పక్కనిచ్చిన వీడియో లింకు కూడా నొక్కి చూసేదట. అంతా వచ్చాక ముగ్గురి మధ్య ఏకాభిప్రాయం కొలిచారు. ఇద్దరు గుడ్డిగా రాసినా కొన్ని జవాబులు కలుస్తాయి కదా. అలా గాలివాటుగా కలిసినవాటిని తీసేసి, మిగిలినదాన్ని కొలిచేదాన్ని కప్పా అంటారు. ముగ్గురుంటే ఫ్లైస్ కప్పా, ఇద్దరైతే కోహెన్ కప్పా. ముగ్గురి లెక్క ఘోరంగా ఉంది. కుర్రాళ్ళిద్దరి లెక్క చూస్తే, లాండిస్, కాక్ 1977లో వేసిన మెట్లలో అన్నిటికన్నా పైదైన 0.81ని దాటేసి ఇంకా పైకి పోయింది. గైడు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "ఇద్దరు తెలుగువాళ్ళు ఇంతగా ఏకీభవించడం నా సర్వీసులో చూళ్ళేదమ్మా" అన్నారు. మురిసిపోతూ.

మరి తేడా ఎక్కడ? మూడో మనిషి దగ్గర. స్కాలరమ్మ ఫైలు పట్టుకొని షాపుకెళ్ళింది. "శానా మంచిగ చేసిన్రు సారూ, సల్లగుండాలె" అన్న కామెంటు చూపించింది.

"ఇది దీవెన కదక్కా. ఇద్దరూ మెప్పు అన్నారు. నువ్వు వెటకారం అని రాశావేంటి?"

"ఆ వీడియో జూసినవా? బస్సు ఆపకుండ పోతది. ముసలామె చెయ్యి ఊపుకుంట ఉరుకుతది. దాని కింద ఎవలన్న దీవెన వెడ్తరా?"

ఇలాంటివి వందల్లో ఉన్నాయి. అక్క చెప్పింది విన్నప్పుడల్లా అవును సుమా అనిపించేది. కాని క్యాంపస్‌కు తిరిగొచ్చి లెక్క చూస్తే కప్పా కప్పాలాగే ఉండేది. ఇద్దరు ఒకటన్నప్పుడు మూడో మనిషి మాట ఎలా నిలుస్తుంది? పద్ధతుల అధ్యాయంలో ఒక వాక్యం చేరింది: 'మూడో వ్యక్తి లేబుళ్ళు నమ్మదగినవిగా లేనందున తొలగించడమైనది.' అక్కకు కూలి మాత్రం పైసాతో సహా ఇచ్చింది. అందులో వంక పెట్టడానికి లేదు.

ఆ తర్వాత అన్నీ కలిసొచ్చాయి. పేరున్న ఏఐ ఒకదానికి అవే కామెంట్లు ఇచ్చి చూస్తే, నూటికి తొంభైకి పైగా సార్లు మనుషులు చెప్పిందే చెప్పింది. తెలుగు వెటకారం యంత్రానికి చిక్కింది! సెమినార్లో చప్పట్లు మోగాయి. గైడు ఆ రోజు దూబే గారి ఊసెత్తలేదు.

థీసిస్ సమర్పణకు గడువు రేపనగా, రాత్రి ఆమె ఆ బైండింగు షాపులోనే కూర్చుంది. కాపీ పరీక్ష సర్టిఫికెట్ వచ్చేసింది. యూజీసీ 2018లో పెట్టిన పది శాతం గీతకు చాలా కిందే ఉంది. మెరూన్ అట్టల మీద బంగారు అక్షరాలు పడటమే తరువాయి. అక్క పేజీ నంబర్లు సరిచేస్తూ, చేస్తూ ఒకచోట ఆగింది.

"చెల్లె, ఈడ తప్పు వడ్డది. 'ఇద్దరు మనుషులు విడివిడిగా గుర్తించిన' అనుంది."

"తప్పేముందక్కా?"

"మనుషులేడున్నరు? గా పిలగాండ్లు ఈడనే, గీ రెండో సిస్టం మీదనే గూసున్నరు. ఫైలు మొత్తం ఏఐల ఏసిన్రు. చాయ్ తాగొచ్చేసరికి అయిపోయింది." కాస్త ఆలోచించి, న్యాయంగా ఇంకో మాట కలిపింది. "విడివిడిగ అన్నది మాత్రం నిజమే. ఎవనిది వాడే ఏసుకున్నడు. ఒకని దాంట్ల ఒకడు సూడలే."

"ఏ ఏఐ అక్కా?"

అక్క పేరు చెప్పింది. నాలుగో అధ్యాయంలో పరీక్ష నెగ్గిన ఏఐ అదే.

"మరి అప్పుడే చెప్పలేదేంటక్కా!"

"నువ్వు అడిగినవా? నాది నమ్మేటట్టు లేదని పక్కకు వెట్టినవ్. పెద్ద సదువులల్ల గట్లనే చేస్తరేమో అనుకున్న."

తెర మీద తెరిచి ఉన్నది మూడో అధ్యాయం. అందులో స్కాలరమ్మే రాసుకున్న పేరా ఒకటుంది. ఆన్‌లైన్ కూలిపనిగా సారాంశాలు రాయమని ఇస్తే 33 నుంచి 46 శాతం మంది పనిని ఏఐకి అప్పగించి ఉంటారని 2023లో స్విట్జర్లాండ్ పరిశోధకులు అంచనా వేశారని. 'మన అధ్యయనంలో ఆ ప్రమాదం లేదు. లేబుళ్ళు పెట్టినవారు మనకు తెలిసినవారే' అని పేరా ముగిసింది.

ఆమె చాలాసేపు తెర వంకే చూసింది. ఫెలోషిప్ ఆగి చాలా కాలమైంది. దీని మీద రాసిన వ్యాసం అచ్చయిపోయింది. మళ్ళీ మొదలెట్టాలంటే మనుషులు కావాలి, వాళ్ళు మనుషులేనని చూసుకోవడానికి ఇంకో మనిషి కావాలి.

"ఆపాల్నా చెల్లె, కొట్టాల్నా?"

"..."

"షాపు మూసే టైమైతున్నది."

"కొట్టక్కా. ఐదు కాపీలు."

ప్రింటరు కదిలింది. కాగితాలు ఒకటొకటిగా వచ్చి పడుతుంటే అక్క వాటిని సరిగ్గా సర్ది, అంచులు తట్టి, ఆమె చేతిలో పెట్టింది.

"శానా మంచిగ చేసినవ్ చెల్లె. సల్లగుండాలె."