సీలు తీస్తే సున్నా

1986లో అమెరికాలో ఎవరో ఒకరు క్రిస్మస్ కానుకగా ఇద్దామని ఒక వీడియో గేమ్ కొన్నారు. సూపర్ మారియో బ్రదర్స్. కొని, బల్ల సొరుగులో పెట్టి, మరిచిపోయారు. ముప్ఫై అయిదేళ్లు అది సొరుగులోనే పడుంది. 2021 ఏప్రిల్‌లో డాలస్‌లోని హెరిటేజ్ అనే వేలం సంస్థ దాన్ని పాటకు పెడితే 6,60,000 డాలర్లు పలికింది. అప్పటి లెక్కన దాదాపు అయిదు కోట్ల రూపాయలు.

అందరూ ధర గురించే మాట్లాడారు. ఆ కానుక అందాల్సిన పిల్లో పిల్లాడో ఎవరు? పండగ పూట వాళ్లకు ఏం దొరికింది? ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అడిగినా చెప్పేవాడికి ఇబ్బందే. "నీ చేతికి అందలేదు గనకే తల్లీ, దానికంత విలువ" అని చెప్పుకోవాలి.

పాత వీడియో గేముల బజారు మొత్తం ఈ ఒక్క వాక్యం మీదే నడుస్తోంది. ఆడారా, చెడింది. ముట్టుకున్నారా, తగ్గింది. సీలు తీశారా, సున్నా.

ఈ సీలు శాస్త్రానికి పండితులున్నారు. 2018లో వాటా గేమ్స్ అనే గ్రేడింగ్ కంపెనీ రంగంలోకి దిగింది. ఆ పేరుకు వాళ్ల దేశంలో అర్థం ఏదైనా కానివ్వండి, తెలుగువాడికి మాత్రం మొదటి మాటలోనే సంగతి తెలిసిపోతుంది. వాళ్లకు ఆట పంపిస్తే పెట్టెకు పదికి మార్కులేస్తారు. పైన చుట్టిన ప్లాస్టిక్ కాగితానికి మళ్లీ విడిగా అక్షరాలు. ఎ, ఎ ప్లస్, ఎ ప్లస్ ప్లస్. టీవీలో కార్పొరేట్ కాలేజీ ర్యాంకుల ప్రకటన విన్నట్టే ఉంటుంది. మార్కులేశాక అద్దంలాంటి డబ్బాలో పెట్టి బిగించేస్తారు. ఇక దాన్ని ఆడటం కుదరదు. ఆడాల్సిన పని కూడా లేదు.

ఫీజు ఎంత? సరుకు విలువను బట్టి. విలువ పెరిగితే మార్కులేసే పంతులికి ఎక్కువ ముడుతుంది. పాట పాడించేవాడికి కమీషన్ ఎక్కువ ముడుతుంది. ఆ ఇద్దరిలో ధర తగ్గాలని కోరుకునేవాడు ఎవడు చెప్పండి?

2019 ఫిబ్రవరిలో ఒక సూపర్ మారియో పెట్టె 1,00,150 డాలర్లకు అమ్ముడైంది. లక్ష దాటిన మొదటి ఆట అని పత్రికలు ఊదరగొట్టాయి. కలిసి కొన్నవాళ్లలో హెరిటేజ్ సహ వ్యవస్థాపకుడు జిమ్ హాల్పెరిన్ ఒకరు. తర్వాతి ఏడాది అలాంటిదే ఇంకొకటి, 1,14,000. ఎవరి సంస్థలో? హెరిటేజ్‌లో. 2021లో కార్ల్ జోబ్స్ట్ అనే యూట్యూబరు ఈ ముడులన్నీ విప్పి చూపిస్తూ పెద్ద వీడియో పెట్టాడు. 2022లో కాలిఫోర్నియాలో వాటా మీద దావా పడింది. మాకే పాపం తెలియదని రెండు సంస్థలూ చెప్పాయి. సరే, కోర్టు సంగతి కోర్టుకే వదిలేద్దాం. కానీ పెళ్లికూతురి తరఫువాళ్లే పెళ్లికూతురి అందం గురించి సర్టిఫికెట్ ఇస్తుంటే పక్కింటివాళ్లకు నవ్వు రాదా?

అసలు జాతర 2021 జులైలో జరిగింది. 9వ తేదీన లెజెండ్ ఆఫ్ జెల్డా సీలు పెట్టె 8,70,000 డాలర్లు. రెండు రోజులు తిరగకుండానే సూపర్ మారియో 64, ఏకంగా 15,60,000. మన డబ్బులో పదకొండున్నర కోట్ల పైమాట.

ఏమిటయ్యా దీని ప్రత్యేకత అంటే "అరుదైనది" అన్నారు. సూపర్ మారియో 64 వచ్చింది 1996లో. ప్రపంచమంతా కలిపి అమ్ముడైన ప్రతులు కోటికి పైనే. కోటి ప్రతులున్నది అరుదైతే మన ఇళ్లలోని స్టీలు గ్లాసు కూడా అరుదే. మరి అరుదైనది ఏది? ఎవరూ విప్పనిది. అంటే ఆడకుండా ఊరుకున్నవాడి నిగ్రహానికి ఇచ్చిన ధర అన్నమాట. కోట్లమంది పిల్లలు బొటనవేళ్లు కాయలు కాసేలా ఆడబట్టి ఆ ఆటకు పేరొచ్చింది. ఆ పేరును ఆడనివాడు అమ్ముకున్నాడు.

జెల్డా పెట్టె సంగతి ఇంకా ముచ్చటైనది. ఆటను మధ్యలో ఆపి, మళ్లీ అక్కడి నుంచే ఆడుకునే వీలుండటం ఆ రోజుల్లో దాని గొప్ప. అందుకోసం లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ పెట్టారు. ముప్ఫై నాలుగేళ్లు గడిచాయి. ఆ బ్యాటరీ బతికుందా, చచ్చిందా? చూడాలంటే సీలు తీయాలి. సీలు తీస్తే సున్నా. కాబట్టి ఆరున్నర కోట్లు పోసి కొన్నవాడికి తాను కొన్నది పనిచేస్తుందో లేదో తెలియదు. తెలుసుకోకుండా ఉండటానికే అంత ఇచ్చాడు!

వేలంపాట మనకూ కొత్త కాదు. బాలాపూర్ గణేశుడి లడ్డు 1994లో 450 రూపాయలకు పోయింది. 2024లో 30 లక్షలు దాటింది. ఏటా మనం ముక్కున వేలేసుకుంటాం. కానీ ఆ లడ్డు పాడుకున్నవాడు దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో బిగించి "ఎ ప్లస్ ప్లస్" అని రాసి పెట్టుకోడు. ఊళ్లో పంచుతాడు, తింటాడు, పొలంలో చల్లుతాడు. డాలస్ పెద్దమనుషుల కంటే మన లడ్డు భక్తులకే వస్తువు దేనికోసమో ఎక్కువ తెలుసు. (డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు వేలల్లో ఉన్నారు. ఎవరైనా వెళ్లి ఈ ముక్క వాళ్ల చెవిన వేస్తే పుణ్యం.)

ఇంకో వింత. ర్యాలీ అనే సంస్థ 2020లో ఒక సీలు మారియోను 1,40,000 డాలర్లకు కొని, ముక్కలు ముక్కలుగా షేర్లు అమ్మింది. ఆటను కాదు లెండి, ఆట మీది హక్కును. మన చీటీపాట లాంటిదే, కాకపోతే చీటీలో కనీసం పాడుకున్నవాడికి డబ్బు చేతికొస్తుంది. ఇక్కడ వాటాదారుల్లో ఒక్కడు కూడా మారియోను ఒక్క గెంతు గెంతించలేడు. 2021 ఆగస్టులో అదే పెట్టె 20 లక్షల డాలర్లకు పోయింది. ఏడాదిన్నర తిరక్కుండానే పద్నాలుగు రెట్లు. ఔటర్ రింగు రోడ్డు పక్క ప్లాటు కూడా ఇంత పెరగదు.

"కోటీశ్వరులు ప్లాస్టిక్ కొనుక్కుంటే నీకేం పోయింది?" అంటారా? పోయింది. టీవీలో ఉల్లి ధర పెరిగిందనగానే వీధి చివరి తోపుడు బండి మీద పెరుగుతుందా లేదా? ఇదీ అంతే. మారియో పెట్టె లక్షల డాలర్లు అన్న వార్త చదివిన ప్రతివాడూ అటక ఎక్కాడు. పగిలిన పెట్టె, చిరిగిన లేబులు, పిల్లల పేర్లు స్కెచ్‌పెన్నుతో రాసిన క్యాసెట్టు, అన్నీ నిధులే అయిపోయాయి. అమెరికాలో ఇంటిముందు పాత సామాన్లు పెట్టి అమ్మేచోట ఒకప్పుడు చిల్లరకు దొరికేవి. ఇప్పుడు తెల్లారకముందే దళారులు ఫోన్లు పట్టుకుని దిగుతున్నారు. ఫోనులో ధర చూడటం, మొత్తం ఊడ్చేయటం, సాయంత్రానికి ఆన్‌లైన్లో పెట్టటం. దానంగా ఇచ్చిన సామాన్లు అమ్మే ధర్మసంస్థలు కూడా ఆటలను బల్లల మీద పెట్టడం తగ్గించి తమ సొంత వేలం వెబ్‌సైటులోకి ఎక్కిస్తున్నాయి. ధర్మం చెయ్యి కిందికి, ధర పైకి.

లిటిల్ సామ్సన్ అని 1992లో ఒక ఆట వచ్చింది. అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఇవాళ పెట్టె లేకుండా ఒట్టి క్యాసెట్టు కావాలన్నా వెయ్యి డాలర్లు దాటించాల్సిందే. అమెరికాలో 2010లో వచ్చిన పోకెమాన్ హార్ట్‌గోల్డ్ లక్షల్లో అమ్ముడైంది. అది కూడా ఇప్పుడు కొత్త ధరకు రెట్టింపు పైనే. పోనీ మన దగ్గరున్నది అమ్ముదామని దుకాణానికి వెళితే? వాడు నిట్టూరుస్తాడు, లేబులు గీరుకుపోయిందంటాడు, సగం కూడా ఇవ్వడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మనవాళ్లు ఊరికే అన్నారా!

ధర ఉన్నచోటికి నకిలీ రాక మానదు. ఇప్పుడు పోకెమాన్ క్యాసెట్టు కొన్నవాడు మొదట చేసే పని ఆడటం కాదు. స్క్రూడ్రైవరు తీసి పొట్ట కోసి లోపలి పచ్చబోర్డు మీద కంపెనీ పేరుందా అని చూడటం. ప్లాస్టిక్ చుట్టే యంత్రం ఎవడైనా కొనుక్కోవచ్చు గనక సీలు కూడా నమ్మరానిదే. అందుకని మళ్లీ గ్రేడింగ్ వాళ్ల దగ్గరికే. తిరిగి తిరిగి వాటాయే.

ఇప్పుడు అసలు యజమానుల దగ్గరికి వద్దాం. 1889లో క్యోటోలో పేకముక్కలు చేస్తూ మొదలైంది నింటెండో. ఇంత గిరాకీ ఉంటే పాత ఆటలన్నీ మళ్లీ అచ్చేసి అమ్మొచ్చు కదా? ప్లాస్టిక్ ముక్కే కదా? అమ్మరు. 2020 సెప్టెంబర్లో మూడు పాత మారియోలను కలిపి ఒక్క కట్టగా తెచ్చారు. "2021 మార్చి 31 దాకానే" అన్నారు. అన్నట్టే ఆపేశారు. సరుకు అయిపోయి కాదు. అయిపోవాలని! 2023 మార్చిలో వీ యు, త్రీ డీఎస్ యంత్రాల ఆన్‌లైన్ దుకాణాలు మూసేశారు. మూతపడేలోగా వాటిలోని ఆటలన్నీ కొనేద్దామని ఒక అమెరికా యూట్యూబరు పూనుకుంటే 22,791 డాలర్లు అయ్యాయి. డబ్బులిచ్చి కొనుక్కుంటామని జనం క్యూ కడితే షట్టరు దించిన వ్యాపారిని మీరెప్పుడైనా చూశారా?

సరే, అమ్మరు. మరి నెట్‌లో ఉచితంగా పెట్టినవాళ్లను వదులుతారా? 2018లో పాత ఆటలు పంచిన రెండు వెబ్‌సైట్ల మీద కేసు వేసి కోటీ ఇరవై లక్షల డాలర్ల తీర్పు తెచ్చుకున్నారు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీసింది. 2010కి ముందు అమెరికాలో వచ్చిన ఆటల్లో 87 శాతం ఇవాళ ఏ దుకాణంలోనూ కొత్తగా దొరకవు. అంటే న్యాయంగా ఆడాలనుకున్నవాడికి మూడే దారులు. దళారికి దండం పెట్టాలి. దొంగతనం చేయాలి. లేదా లైబ్రరీకి వెళ్లాలి. పరిశోధకులు ఇంటి నుంచే ఆటలు చూసే వీలు కల్పిస్తామని లైబ్రరీలు అమెరికా కాపీరైట్ కార్యాలయాన్ని అడిగాయి. గేమ్ కంపెనీల సంఘం అడ్డం పడుకుంది. ఎన్ని షరతులు పెట్టినా సరే ఒప్పుకోం అంది. 2024 అక్టోబర్లో కార్యాలయం కుదరదని చెప్పేసింది. దాని కారణాల్లో ఒకటి వింటే మీకు ఒళ్లు పులకరిస్తుంది: అలా ఇస్తే జనం వాటిని వినోదానికి వాడుకునే ప్రమాదం ఉందట!

ఆటను ఆడేస్తారట. ఎంత ఘోరం! అన్నం ఇస్తే తినేస్తారేమోనని భయపడ్డ సత్రం యజమాని కథ మన దగ్గర కూడా లేదు.

మా చిన్నప్పుడు వీడియో గేమ్ పార్లరులో గంటకు ఇంత అని కట్టి ఆడాం. ఇళ్లలో పసుపు రంగు క్యాసెట్లు. పైన "999999 ఇన్ 1" అని ఉండేది. లోపల ఉన్నది పదో పన్నెండో, మిగిలినవన్నీ అవే మళ్లీ మళ్లీ. కాంట్రా, మారియో, బాతుల వేట. దొంగ సరుకే, ఒప్పుకుంటాను. అసలు సరుకు అమ్మేవాడు మా ఊరి గడప తొక్కితే కదా! ఒకసారి కూడా కనబడని యజమాని ఇవాళ దొంగతనం మీద నీతులు చెబుతుంటే ఏమనాలి? ఆ క్యాసెట్లో మేం నోటితో ఊది, ఉమ్ము పడి, పిన్నులు తుప్పు పట్టి, ఆఖరికి అది పాత ఇనప సామాన్లవాడి బండెక్కింది. దాని బదులు మా అమ్మకు ప్లాస్టిక్ చెంబు వచ్చింది. గ్రేడు అడగలేదు ఎవరూ.

అంత కంటే పెద్ద చెత్త కథ అటారీ అనే గేమ్ కంపెనీది. 1983లో న్యూమెక్సికోలోని అలమొగోర్డో ఊరి చెత్తదిబ్బలో అమ్ముడుపోని ఆటలను లారీలకు లారీలు పూడ్చిపెట్టింది. అందులో ఈ.టి. కూడా ఉంది. చెత్త ఆటల జాబితా ఎవరు రాసినా అందులో దానికి చోటు ఖాయం. 2014లో తవ్వి తీశారు. నలిగినవి, కంపు కొట్టేవి. సర్టిఫికెట్ జత చేసి ఊరి పెద్దలు వేలం వేస్తే లక్ష డాలర్ల పైన వచ్చింది. ఒక్క ఈ.టి. క్యాసెట్టే పదిహేను వందలు దాటింది. ఈ మొత్తం బాగోతంలో నిజాయితీగల అమ్మకం అదొక్కటే అనిపిస్తుంది. చెత్తను చెత్త అని చెప్పే అమ్మారు.

రాబోయే రోజులు ఇంకా రంజుగా ఉంటాయి. 2025లో నింటెండో వారి స్విచ్ 2 యంత్రం వచ్చింది. దాని ఆటలు కొన్నింటికి "గేమ్ కీ కార్డు" అని ఇస్తున్నారు. పెట్టె ఉంటుంది, కార్డు ఉంటుంది, కార్డులో ఆట ఉండదు. ఆటను నెట్ నుంచి దించుకోవాలి. అవతల సర్వరు ఉన్నన్నాళ్లే. అదే ఏడాది మొదట్లో కాలిఫోర్నియాలో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. ఆన్‌లైన్లో ఆట అమ్మేవాడు "మీరు కొంటున్నది ఆట కాదు, వాడుకునే అనుమతి మాత్రమే" అని ముందే చెప్పాలి. చెప్పమన్నారు గానీ, మానమనలేదు.

నాకు మాత్రం ఏదో ఒక రోజు డాలస్‌లో జరగబోయే పాట ఇప్పుడే కళ్లకు కడుతోంది. సర్వరు ఎప్పుడో ఆరిపోయింది. కార్డులో ఆట మొదటి నుంచీ లేదు. పెట్టె మాత్రం తళతళలాడుతోంది, సీలు చెక్కుచెదరలేదు. 9.8, ఎ ప్లస్ ప్లస్. సుత్తి పైకి లేచింది. ఒకటోసారి... రెండోసారి...