డౌన్ యారో సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: కిందిబాణము నొక్కినఁ గర్సరు కింది పంక్తికి దిగును.

ప్రతిపదార్థం: కిందిబాణము = కీబోర్డులో తలకిందులుగా ఉన్న బాణపు మీటను; నొక్కినన్ = నొక్కగా; కర్సరు = మినుకుమినుకుమనే నిలువుగీత; కింది పంక్తికి = (ఇక్కడే వ్యాఖ్యాతల తగవు); దిగును = దిగవలెను. దిగకపోవుటయుఁ గద్దు.

తాత్పర్యం: పంక్తులు రెండు విధాలు. ఎంటర్ కొట్టినచోట ఫైల్లో ఒక గుర్తు పడుతుంది. ఆ గుర్తుకీ తర్వాతి గుర్తుకీ మధ్య ఎంత ఉన్నా ఫైలు లెక్కలో అది ఒక్కటే పంక్తి. విండో వెడల్పు చాలక ఎడిటరు మడిచి చూపే వరుసలకు ఫైల్లో ఆనవాలే ఉండదు, విండో మూల పట్టి లాగితే అవి మారిపోతాయి. విమ్ అనే ఎడిటరులో ఆరు వరుసల పేరా మొదటి వరుసలో నిలబడి, మూడో వరుసలోని అచ్చుతప్పు దిద్దుదామని కిందిబాణంలా పనిచేసే ‘జె’ నొక్కితే, కర్సరు పేరా మొత్తం దాటి తర్వాతి పేరాలో పడుతుంది. వరుస వరుసకీ దిగాలంటే ‘జీజె’ నొక్కాలి. ఇందుకు పూర్వులను తిట్టి లాభం లేదు. 1976 ప్రాంతంలో బిల్ జాయ్ విమ్‌కు మూలమైన వీఐ రాసిన ఏడీఎం-3ఏ టెర్మినల్ తెర అడ్డంగా 80 అక్షరాలు, బాణాల బొమ్మలు హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే. ప్రోగ్రాముల పంక్తులు చాలావరకు ఆ వెడల్పులోనే ఇమిడేవి కనుక రెండు పంక్తులకూ తేడా పెద్దగా తెలిసేది కాదు. పేరా అంతా ఎంటర్ లేకుండా కొట్టే వ్యాసరచయితలు వచ్చాక కదా చిక్కు!

పూర్వపక్షం: ఫైలు పంక్తే సత్యం, తెర వరుస మిథ్య అంటారు కొందరు. కంపైలరు తప్పు చూపేది ఫైలు పంక్తి సంఖ్యతోనే. 2009లో ఈమ్యాక్స్ అనే ఎడిటరు 23వ వెర్షను తెర వరుసల ప్రకారం కదలడాన్నే అలవాటు చేసింది. అప్పటినుంచి పొడుగు పంక్తుల మీద రికార్డు చేసిన మ్యాక్రో (మళ్లీ నడిపే మీటల వరుస), విండో వెడల్పు మారితే వేరేచోట వాలవచ్చు. కాబట్టి కన్ను చెప్పేది నమ్మరాదని వారి వాదం. మ్యాక్రో సంగతి ఒప్పుకోవలసిందే, దానికి కళ్లు లేవు. మీట నొక్కే మనిషికి ఉన్నాయి. పైగా, మిథ్య అన్నదాన్ని మడత దగ్గర నిలబెట్టి చూడండి. పదం మధ్యలో మడత పడితే, పై వరుస చివర, కింది వరుస మొదలు ఫైల్లో ఒకే స్థానం. ఎండ్ మీట నొక్కినవాడు పై వరుస చివరే ఉండాలి, కానీ ఆ స్థానసంఖ్య ఒక్కటే గుర్తున్న ఎడిటరు కర్సరును కింది వరుస మొదట్లో చూపవచ్చు. ఆపిల్ టెక్స్ట్ వ్యవస్థ అందుకే సంఖ్యతోపాటు ఎగువా, దిగువా అన్నది ‘అఫినిటీ’ పేరుతో విడిగా దాచుకుంటుంది. ఫైలు సంఖ్య ఒక్కటే కర్సరు ఎక్కడుందో చెప్పలేనప్పుడు తెర వరుసను మిథ్య అనడం చెల్లదు.

విశేషం: తిన్నగా దిగడానికి అక్షరాల లెక్కా చాలదు. ‘స్త్రీ’ తెరమీద ఒక్క అక్షరం, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. సంకేతాలు లెక్కపెట్టి దించితే తెలుగు పేరాలో కర్సరు పక్కకు జారుతుంది. అడ్డంగా ఎంత దూరంలో ఉందో కొలిచి దించాలి.

సిద్ధాంతం: చేత్తో నొక్కిన బాణం తెర వరుసకు, లెక్కా మ్యాక్రోలూ ఫైలు పంక్తికి. విమ్‌లో ‘జె’ని ‘జీజె’గా మార్చుకునేవారు, ముందు అంకె వేసినప్పుడు మాత్రం పాత ‘జె’నే ఉంచుకోండి. ఎందుకంటే, కర్సరునుంచి ఎన్నో పంక్తో చెబుతూ పక్కన కనబడే రిలేటివ్ నంబర్లు ఫైలు పంక్తులనే లెక్కిస్తాయి.