పాడినవారిని నేను చూడలేదు

నన్ను ప్లేటు అంటారు. గ్రామఫోను ప్లేటు. పది అంగుళాల వెడల్పు, నిమిషానికి 78 చుట్లు, ఒక్కో పక్క మూడు నిమిషాల పాట. నా మధ్యలో అంటించిన కాగితం సగానికి పైగా ఊడిపోయింది. మిగిలిన ముక్కలో కుక్క తోక, బూరాలో కొంచెం, ‘డమ్‌డమ్’ అన్న మాట కనిపిస్తాయి. పాడినవారి పేరుండాల్సిన చోట జిగురు మరక ఉంది.

నెల కిందట చెన్నైలో ఒక పాతసామాన్ల కొట్లో ఒక పెద్దాయన నన్ను దొంతరలోంచి లాగారు. వెలుతురుకు వంచి, గాళ్ళు అయిపోయాక నున్నగా ఉండే చోట చెక్కిన అంకెలు చదవబోయారు. మనవరాలు ఫోను లైటు వేసింది.

“ఎవరు పాడారు తాతయ్యా?”

“తెలీదమ్మా. ఇంటికి తీసుకెళ్ళి విందాం.”

ఎవరు పాడారో నాకూ తెలీదు. నా పుట్టుక అలాంటిది.

నా ఒళ్ళు లక్క. మోదుగ, కుసుమ, రేగు కొమ్మలకు పట్టే చిన్న పురుగులు తమ చుట్టూ కట్టుకునే గూడు అది. ఒకప్పుడు ప్రపంచమంతా మోగిన ప్లేట్లకు లక్క చాలావరకు మన దేశం నుంచే, అందులోనూ ఛోటానాగపూర్ అడవుల నుంచే వెళ్ళేది. పాండవుల కోసం కట్టిన ఇంటికి వాడిందీ లక్కే, ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు రంగు పట్టించేదీ లక్కే. వరసకు ఆ బొమ్మలూ నేనూ అక్కచెల్లెళ్ళం. అయితే నాలో లక్క కంటే రాతిపొడి ఎక్కువ. దాన్ని కావాలనే కలిపారు. ఉక్కు ముల్లు మొదటి చుట్లలోనే ఆ పొడికి అరిగి, నా గాడికి సరిపోయే ఆకారానికి వస్తుంది. అందుకే పక్కకొక కొత్త ముల్లు పెట్టాలి. బద్ధకించి పాతదాంతోనే మళ్ళీ వేస్తే ఆ తర్వాత అరిగేది నేను.

గొంతు సంగతి వేరు. పాడినవారి ఎదుట మైకు ఉంది, దాని వెనక తిరుగుతున్న మైనం పలక ఉంది. మైనం మీద పడ్డ గీతకు లోహపు పొర పెంచి ఒక అచ్చు తీశారు. దాన్నుంచి తల్లి అచ్చు, తల్లి నుంచి నొక్కే అచ్చు. కలకత్తా పక్కన డమ్‌డమ్ కర్మాగారంలో, ఆవిరి వేడికి మెత్తబడ్డ నల్లటి ముద్దను అలాంటి రెండు అచ్చుల మధ్య పెట్టి నొక్కితే నేను పుట్టాను. పాడిన మనిషికీ నాకూ మధ్య మూడు అచ్చుల దూరం.

నాలో ఉన్నది ‘పాండవోద్యోగం’ నాటకంలోని పద్యం. రాసింది తిరుపతి వేంకట కవులు. కాబట్టి పద్యం ఎవరిదో తెలుసు, గొంతే తెలీదు. నాటకశాలలో రాగం తీయడానికి హద్దుండదు. జనం ‘వన్స్‌మోర్’ అంటే కథ ఆపి మళ్ళీ పాడాల్సిందే. నా దగ్గర మూడు నిమిషాలే. అందుకే చివరి పాదంలో ఆ గొంతు గబగబా నడుస్తుంది. ఆఖరి అక్షరం పూర్తిగా దిగకముందే హార్మోనియం ఆగిపోతుంది. ఆ తొందర విన్నప్పుడల్లా, ఎవరో గడియారం చూపించి చెయ్యి ఊపి ఉంటారనిపిస్తుంది నాకు.

నన్ను మొదట కొన్నది కాకినాడలో. సంచి మీద కొట్టు ముద్ర చెరిగిపోయినా ఊరి పేరు మిగిలింది. ఆ ఇంటివాళ్ళు తర్వాత మద్రాసు వచ్చారు. అప్పట్లో తెలుగు సినిమా అంతా కోడంబాక్కం చుట్టూనే ఉండేది. పెద్దవాళ్ళు పోయాక నన్ను కాయలాన్ కడైకి, అంటే పాతసామాన్ల కొట్టుకు, తూకానికి వేశారు. అక్కణ్ణుంచి సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్‌కు చేరాను. 1900లో తెరిచిన ఆ ఎర్రటి కట్టడంలో పాత పుస్తకాలు, పాత ప్లేట్లు, పంజరాల్లో పక్షులు, అన్నీ అమ్మేవారు. ఎవరో కొనుక్కుపోవడంతో నేను బయటపడ్డాను. 1985 మే 30న మార్కెట్ కాలిపోయింది. నాకు మద్రాసు ఎండ తగిలితేనే ఒళ్ళు వంకరపోతుంది. ఆ మంటల్లో నాతో పాటు దొంతరలో ఉన్నవాళ్ళు ఏమై ఉంటారో ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్ళలో ఎన్ని గొంతులకు ఇంకో ప్రతి ఉందో! ఇప్పుడు అక్కడ లోకల్ రైళ్ళు ఆగుతున్నాయి.

తర్వాత ఒకచోట నన్ను స్పిరిట్‌తో తుడిచారు. మెరిపిద్దామనుకున్నారు పాపం. స్పిరిట్‌లో లక్క కరుగుతుంది. రెండో పక్క ఇప్పటికీ బుసబుసమంటుంది.

పెరంబూర్‌లో ఆ పెద్దాయన ఇంట్లో పెట్టెకు కీ ఇచ్చి, కొత్త ముల్లు బిగించి నన్ను పెట్టారు. మొదటిసారి ఎవరూ మాట్లాడలేదు. రెండోసారి ఆయన పద్యం వెంట పెదవులు కదిపారు.

“కాకినాడ అని ఉందిగా తాతయ్యా, ఆ ఊరివాళ్ళేనేమో.”

“అది అమ్మిన ఊరమ్మా. పాడినవారిది ఏ ఊరో!”

ఆ పిల్ల నన్ను చేతిలోకి తీసుకుని పక్కకు వంచింది. నల్లటి గాళ్ళ మధ్య వేలెడంత మేర బూడిదరంగు చార ఉంది. “ఇక్కడొక్కచోటే ఎందుకు తెల్లబడింది?”

ఆయన ముల్లు ఎత్తి సరిగ్గా అక్కడ దించారు. మూడో పాదం తర్వాత రాగం.

“ఎవరో ఇక్కడికే మళ్ళీ మళ్ళీ వచ్చారమ్మా.”

వచ్చింది ఎవరో నాకు తెలుసు. కాకినాడ ఇంట్లో మధ్యాహ్నాలు అందరూ పడుకున్నాక, ఆ ఇంటి కోడలు తలుపు దగ్గరగా వేసి, బూరాలో పాత చీర కుక్కి, ఈ రాగం దగ్గరే ముల్లు పెట్టేది. ముళ్ళ డబ్బీ మామగారి దగ్గర ఉండేది. ఆమెకు దొరికింది ఒక్క పాత ముల్లు. గొంతు పైకి రాకుండా పాడుకునేది. ఒక్క విరుపు మాత్రం పట్టుబడేది కాదు. ముల్లు ఎత్తి మళ్ళీ వెనక్కి పెట్టేది. పాడినవారి ముఖం నాకు తెలీదు గానీ, ఆమె మెడ దగ్గర నరం ఎలా కదిలేదో తెలుసు. వాళ్ళు అడిగేది పాడినవారి గురించి. నేను చెప్పగలిగింది ఈమె గురించే. కానీ నా గాళ్ళలో ఈమె గొంతు లేదు.

పెద్దాయన నోటు పుస్తకం తెరిచారు. నా అంకెలు ఎక్కించారు. నాటకం పేరు, కవుల పేర్లు రాశారు. గాయకులు అన్నచోట ఖాళీ వదిలారు. కాసేపు ఆలోచించి, దాని కింద “మూడో పాదం తర్వాత బాగా అరిగింది” అని రాసి, కొత్త ముల్లు కోసం డబ్బీ మూత తీశారు.