పక్క సీటు ఖాళీ

సాలూరులో ఈమధ్య ఏ లారీ ఓనరుని కదిపినా ఒకటే ఏడుపు. డ్రైవర్లు దొరకటం లేదట. బళ్లు షెడ్డులో ఉండిపోతున్నాయి, ఫైనాన్సు వాయిదా మాత్రం నెల తిరిగేసరికి వచ్చి కూర్చుంటోంది, దొరికినవాడేమో నాలుగు ట్రిప్పులకే తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోతున్నాడు. అంతా విని నేను ఒక్కటే అడుగుతాను. బాబూ, డ్రైవరేమైనా చెట్టుకి కాస్తాడా? మీ నాన్నల కాలంలో ప్రతి బండి మీదా ఒక డ్రైవరు బండి నడుపుతుంటే, పక్కన ఇంకొకడు డ్రైవరు కావడానికి తయారవుతుండేవాడు. ఆ రెండోవాడి బత్తా మిగులుతుందని మీరే వాణ్ణి దింపేశారు. ఇప్పుడు దొరకలేదంటే ఎక్కణ్ణుంచి వస్తాడు?

మా రోజుల్లో లారీ నేర్చుకోడానికి వచ్చిన గుంటణ్ణి చాలాకాలం స్టీరింగు ముట్టనిచ్చేవారు కాదు. ముందు క్లీనరు. తెల్లారగట్ల లేచి రేడియేటర్లో నీళ్లు, ఇంజనులో ఆయిలు చూడాలి. గ్రీజు గన్ను పట్టుకుని బండి కిందకి దూరి ప్రతి నిప్పిలూ వెతికి కొట్టాలి. కమాను పట్టీల్లో ఎక్కడైనా బీట తీసిందేమోనని చేత్తో తడిమి చూడాలి. ఆ తరవాత ఇనపరాడ్డు తీసుకుని బండి చుట్టూ తిరుగుతూ ఒక్కో టైరునీ కొట్టి చప్పుడు వినాలి. వెనకాల జంట టైర్లలో లోపలిదానికి గాలి దిగిపోతే కంటికి ఆనదు. పక్కది మోసేస్తూ ఉంటుంది. మోసి మోసి వేడెక్కి, ఏ అర్ధరాత్రో అది పేలుతుంది. గాలి సరిగ్గా ఉన్న టైరు రాడ్డు దెబ్బకి ఖంగున మోగుతుంది, దిగినది దబ్బుమంటుంది. ఆ తేడా చెవికి పట్టాలంటే రోజూ కొట్టి వినటమే తప్ప వేరే దారి లేదు. ఇప్పుడు బండి ఎక్కే ముందు దాని చుట్టూ ఒక్కసారి తిరిగే కుర్రాణ్ణి నాకు చూపించండి.

తాళ్లు, పట్టా సంగతి వేరే చెప్పాలి. విశాఖ పోర్టులో ఎరువుల బస్తాలు ఎత్తితే ఒక రకంగా కట్టాలి, రాయపూర్‌లో ఇనుము ఎత్తితే ఇంకో రకంగా కట్టాలి. సరుకు ఎటు జరుగుతుందో, మలుపులో బరువు ఎటు తూగుతుందో తాడు బిగించేవాడికి తెలుస్తుంది. ఆ చేతులే తరవాత స్టీరింగు పట్టుకుంటే, వెనకాల ఏముందో చూడకుండానే ఒంటికి తెలిసేది. రివర్సులో క్లీనరు బాడీ మీద రెండు దెబ్బలు వేస్తే రానీమని, ఒక్క దెబ్బ వేస్తే ఆపమని. ఆ దెబ్బలు వేసిన కొద్దీ బండి పొడవెంతో, తోక ఎక్కడ తిరుగుతుందో వాడి తలకెక్కేది.

ఇవన్నీ అయ్యాక ఎప్పుడో ఒక రాత్రి, సరుకు దింపి ఖాళీగా తిరిగొస్తున్నప్పుడు, రామభద్రపురం దాటాక గురువు బండి పక్కకి తీసి, "ఇటొచ్చి కూకో" అనేవాడు. అప్పటికి లైసెన్సు లేదు, చట్టం ఒప్పుకోదు, అది తెలుసు. కానీ గురువు పక్కనే ఉండేవాడు, కళ్లు మూసేవాడు కాదు. మొదట ఖాళీ బండి, చదును రోడ్డు. తరవాత లోడు బండి, చదును రోడ్డు. ఆ తరవాత ఖాళీ బండితో ఘాటీ ఎక్కటం, లోడుతో ఎక్కటం. లోడుతో ఘాటీ దిగటం అన్నిటికన్నా చివర. ఈ వరస ఎవరూ తప్పేవారు కాదు.

సాలూరు దాటితే ఘాటీయే కదా. సుంకి, పొట్టంగి, సెమిలిగూడ మీదుగా కోరాపుట్. అక్కణ్ణుంచి జైపూర్, జగదల్‌పూర్. ఇంకా పైకి పోతే కేష్కాల్ ఘాటీ దిగి కాంకేర్, ధంతరి, రాయపూర్. మా ఊరి మీదుగా పోయే రోడ్డుకి అప్పట్లో 43వ నంబరు, ఇప్పుడు 26 అయింది. ఆ రోజుల్లో పవర్ స్టీరింగు లేదు. కొండ మలుపులో సీట్లోంచి లేచి ఒంటి బరువంతా వేసి తిప్పేవాళ్లం. గేరు ఇప్పట్లా మెత్తగా పడేది కాదు. క్లచ్చు నొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్చు వదిలి, యాక్సిలేటరు కాస్త అందించి, మళ్లీ క్లచ్చు నొక్కి కింది గేరు వెయ్యాలి. ఇంజను చప్పుడు వినకుండా అది పడదు. ఎక్కుడులో బండి ఆగిందా, క్లీనరు దూకి వెనక చక్రానికి అడ్డు చెక్క వెయ్యాలి.

దిగేటప్పుడు ఒకటే సూత్రం. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. బండిని ఇంజను పట్టి ఉంచాలి, బ్రేకు కాదు. పై గేరులో వదిలేసి మాటిమాటికీ బ్రేకు తొక్కితే డ్రమ్ములు కాగిపోతాయి, లైనింగు పట్టు వదిలేస్తుంది, గాలి మీటరు ముల్లు పడిపోతుంది. అప్పుడు ఎంత తొక్కినా కాలికి ఏమీ తగలదు. డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేవాణ్ణి మా గురువు బండి ఆపించి అక్కడికక్కడ దింపేసేవాడు, అది రాత్రయినా సరే. ఎక్కే బండికి దిగేవాడు దారివ్వాలన్నది కూడా అక్కడే నేర్చుకున్నాం. అది రూల్సులోనూ ఉందని చాలామంది కొత్తవాళ్లకి తెలియదు.

మరి ఇప్పుడో? పెద్ద బండికి డ్రైవింగ్ స్కూల్లో నెల రోజులు, అందులో స్టీరింగు మీద 15 గంటలు. రూల్సు అడిగే కనీసం అంతే. అంతకుముందు చిన్న బండి లైసెన్సు ఏడాది ఉండాలి, అది కారు మీద తెచ్చుకోవచ్చు. 15 గంటలకి మా క్లీనరు టైరు చప్పుడు కూడా నేర్చుకోలేడు. ఎనిమిదో తరగతి చదివుండాలన్న నిబంధన 2019లో తీసేశారు. అది మంచి పనే, చదువు లేని గొప్ప డ్రైవర్లతో తిరిగినవాణ్ణి నేను. కానీ బడి చదువు అక్కర్లేదన్నప్పుడు పని చదువు పెంచాలి కదా.

నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లుండాలన్న నిబంధన ఒకటి ఉండేది. కాగితం మీదే అనండి, ఉండటమైతే ఉండేది. 2018లో దాన్నీ ఎత్తేశారు. ఫాస్టాగు, బండి ఎక్కడుందో చెప్పే పెట్టె ఉంటే చాలన్నారు. అదే ఏడాది జులైలో బరువు పరిమితులు పెంచారు. రెండు యాక్సిళ్ల బండికి 16.2 టన్నులది 18.5 అయింది, మూడు యాక్సిళ్లకి 25 టన్నులది 28.5 అయింది. బరువు పెరిగింది, మనిషి తగ్గాడు. ఆ పెట్టె బండి ఎక్కడుందో ఓనరుకి చెబుతుంది గాని, డ్రైవరు కన్ను మూతపడుతుంటే భుజం మీద చెయ్యి వేసి లేపదు.

కొత్త కుర్రాళ్లకీ నాలుగు మాటలు చెప్పాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని లారీ నడిపితే ఇంజను చెప్పే మాట ఎవడు వింటాడు? ఫోన్లో మ్యాపు చూపించిందని పన్నెండు చక్రాల బండిని ఊరి సందుల్లోకి తెచ్చి, కరెంటు తీగల కింద ఇరుక్కుని నిలబడతారు. దారి చూపించేది అది కారుకా లారీకా అని కూడా చూసుకోరు. రోడ్డు పక్క టీ బడ్డీ దగ్గర ఆపి ఎదురొచ్చిన డ్రైవర్ని "ఘాటీ ఎలాగుంది అన్నా, ఎక్కడేనా దిగబడ్డాయా?" అని అడగటం పోయింది. ఆ ఒక్క ప్రశ్నతో ఎన్ని బళ్లు గట్టెక్కాయో.

ఏసీ సంగతికొస్తే, 2025 అక్టోబరు 1 తరవాత తయారయ్యే లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. చెయ్యాల్సిందే. చెక్క క్యాబిన్లో, ఒడి పక్కనే ఇంజను సెగతో, మే నెల ఎండలో కాళ్లు ఉడికిపోయినవాళ్లం మేము. ఆ బాధ ఇంకొకడు పడాలని నేననను. కానీ అద్దాలు బిగించుకుని చల్లగా ఘాటీ దిగేవాడికి బ్రేకు లైనింగు కాలే వాసన తెలీదు. మాకు ముందు ముక్కుకి తెలిసేది, తరవాతే కాలికి తెలిసేది. దిగుడు మొదలయ్యే ముందు అద్దం దించాలని వాడికి చెప్పేవాడుండాలి. ఎవడున్నాడు పక్కన?

2024 జనవరిలో డ్రైవర్లంతా బళ్లు ఆపేశారు, గుర్తుందా? కొత్త న్యాయసంహితలో, యాక్సిడెంటు చేసి చెప్పకుండా పోతే పదేళ్ల దాకా జైలన్న సెక్షను 106(2) మీద. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. పారిపోవటం తప్పే, నేను వెనకేసుకురాను. కానీ గుంపు మీదకొస్తుంటే ఒంటరిగా ఉన్న పాతికేళ్ల కుర్రాడు ఏం చెయ్యగలడు? ఇద్దరుంటే ఒకడు దెబ్బ తగిలినవాణ్ణి చూసుకునేవాడు, ఒకడు పోలీసు స్టేషనుకి పరిగెత్తేవాడు. మేం అలాగే చేసేవాళ్లం. ఆ సెక్షను అమల్లోకి తేకుండా ఆపారు గాని, కుర్రాడి పక్క సీటు అప్పుడెలా ఖాళీగా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది.

క్లీనర్లని చావగొట్టిన డ్రైవర్లుండేవారు కదా అంటారు. ఉండేవారు. పన్నెండేళ్ల పిల్లల్ని ఎక్కించుకున్నారు, అన్నం పెట్టి జీతం ఎగ్గొట్టారు. అది మళ్లీ తెమ్మని నేను చెప్పటం లేదు. పన్నుల చెక్‌పోస్టులు 2017లో జీఎస్టీతో పోయాయి, పాడు మామూళ్ల బాధ కొంత తగ్గింది, అదీ మళ్లీ రానక్కర్లేదు. రోడ్డు బాగుపడింది, రాయపూర్ నుంచి విశాఖకి 464 కిలోమీటర్ల ఆరు వరసల దారి వేస్తున్నారు, సంతోషం. నేను అడిగేది ఒక్క పక్క సీటు. చిన్న బండి లైసెన్సున్న పెద్దవాణ్ణి, పద్ధతిగా జీతమిచ్చి, ఒక ఏడాది దాంట్లో కూర్చోబెట్టండి.

ఖర్చంటారా? బండి లోయలోకి పోతే వచ్చే ఖర్చుతో పోల్చి చూడండి. మన ఊళ్లోనే బండి దిగిపోయి ఇంట్లో కూర్చున్న డ్రైవర్లు ఎంతోమంది ఉన్నారు. సుంకి దాకా ప్రతి మలుపూ వాళ్లకి కంఠతా వచ్చు. కొత్త కుర్రాడికి బండి అప్పగించే ముందు వాళ్లలో ఒకరికి బత్తా ఇచ్చి పక్కన పంపండి. మొదట ఖాళీ బండి ఇవ్వండి, పగటిపూట పంపండి. లోడుతో ఘాటీ దిగటం పక్కన కూర్చుని చూసినవాడు సరేనన్నాకే, ఆ కుర్రాణ్ణి రాత్రి ట్రిప్పుకి ఒంటరిగా ఎక్కించండి.