కొన్నది ఫ్లాటు, కొట్టేది గోడ

ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు, కట్టేసిన ఇల్లు కొని చూడమనలేదు. ఆ లోటు హైదరాబాద్ దంపతులు తీరుస్తున్నారు. కడుతున్న ఫ్లాటైతే మామూలుగా 5 శాతం జీఎస్టీ, పాతదానికి ఆ బాధ లేదు. మిగిలినట్టేగా అని కూకట్‌పల్లిలో రీసేల్ ఫ్లాట్ల వేట మొదలెట్టారు. కాగితం మీద 1,250 చదరపు అడుగులు. అందులో మెట్లు, లిఫ్టు, కారిడార్‌ వాటా కూడా ఉంది. లోపల మంచం వేస్తే బీరువా తలుపు తెరుచుకోదు.

ఆయన లింకు డాక్యుమెంట్లు, ఈసీ తిరగేస్తుంటే, ఆవిడ గోడలు తట్టి చూస్తుంది, ఏది పడగొట్టొచ్చోనని. చివరికి "అన్నీ అచ్చం మనకు కావాల్సినట్టే ఉన్నాయి" అని కొనేశారు. మర్నాటి నుంచి ఆ అన్నిటినీ మార్చడమే పని. వంటగది ఆగ్నేయానికి, పూజగది ఈశాన్యానికి, పడకగది నైరుతికి బదిలీ. బాల్కనీని హాలు మింగేసింది. మిగిలిన జీఎస్టీ సొమ్ము సిమెంటు సంచుల్లో మట్టిగా లిఫ్టు దిగుతోంది.

మేస్త్రీ సుత్తి ఒకచోట ఆగింది.

"ఇది గోడ కాదమ్మా, పిల్లరు. పైన మూడంతస్తులు దీనిమీదే ఉన్నాయి."

"పైవాళ్ల సంగతి మనకెందుకయ్యా? ఆ మూల కొంచెం చెక్కు, ఫ్రిజ్ పడితే చాలు!"

ఈ బదిలీల్లో తన పూజగది నెత్తిన వీళ్ల బాత్రూమ్ వచ్చిందని తెలిసి కింది ఫ్లాటాయన అమ్మకానికి బోర్డు పెట్టాడు: "వాస్తు పక్కా, వెంటనే దిగొచ్చు."