సిఫారసు మాష్టారు

నూజివీడు మామిడితోటల నడుమ కాపురముండువారికి వేసవిలో రెండు బెడదలు తప్పవు: ఒకటి కోతుల రాక, రెండవది సిఫారసు మాష్టారి రాక. కోతులు కాయలు కోసికొని పోవును. మాష్టారు పుస్తకములు పెట్టి పోవుదురు. మొదటిదానికి వడిసెల కలదు. రెండవదానికి మందు లేదు.

వారు విశ్రాంత ఉపాధ్యాయులు, కొద్దిపాటి తోటకు యజమానులు. ఏటేటా జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవమున రెండు సంచులు నింపుకొని వచ్చి, పూత పిందెగా మారులోపల చదువు ముగించి, కోతలనాటికి సిఫారసులకు సిద్ధమగుదురు. “ఈమధ్య చదివినవానిలో మంచి పుస్తకమేదండీ?” యని మర్యాదకై యడిగిన యభాగ్యుడు దీపాలవేళకు గాని యిల్లు చేరడు.

సాహిత్యప్రక్రియలను విభజించుటకు వారికి అలంకారశాస్త్రముతో పనిలేదు. “నవల బంగినపల్లి వంటిదయ్యా! ముక్కలు కోసి యింటిల్లిపాదీ పంచుకొనవచ్చును” అనుచు, 2019లో సాహిత్య అకాడమీ పురస్కారమందిన బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ని చేతిలో నుంతురు. “కవిత్వము చిన్నరసము. కత్తి తగులరాదు, మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, జుఱ్ఱుకొనవలెను” అనుచు గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’ అందింతురు. తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి ‘రామేశ్వరం కాకులు’ కథలు ఉప్పుకారమద్దిన పచ్చిముక్కలట. ఒక్కటితో ఆగుట నరమాత్రుని తరము కాదట. విమర్శ మాత్రము కలెక్టరు కాయ: నేరుగా తినువారు తక్కువ, గుజ్జు తీసి తమ సీసాలలో నింపుకొనువారెక్కువ.

ఒకనాడు నాకు ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్ర నిచ్చిరి. 1830లో బయలుదేరినవాని ప్రయాణము క్రొత్తపుస్తకమెట్లగునని యడిగితిని. “నేను చదివినది మొన్ననే గదా! ఆవకాయ యెప్పుడు పెట్టిననేమి, జాడీమూత తీసిన దినమే దాని పుట్టినరోజు” అనిరి.

వారియందు దోషమొక్కటే. “ముగింపు మాత్రము చెప్పను సుమా” అని ప్రతిజ్ఞ చేసి, గడప దాటకముందే ముగింపు చెప్పివేయుదురు. అందువలన వారి సిఫారసు విన్నవారికి ఆ పుస్తకము చదువవలసిన యవసరము సాధారణముగా మిగులదు. తోటను పూతమీదనే గుత్తకు కొను వ్యాపారి యొకడు, “ఇంతమందికి చెప్పారు, ఒక్కడైనా చదివాడా మాష్టారూ?” అని ఎకసక్కెమాడగా, “పూతంతా కాయవుతుందని లెక్కగట్టే గుత్త కొన్నావా నాయనా?” అని వారు వాని నోరు మూయించిరి.

మొన్న వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున వారితో తోటలోనికి పోతిని. చిలుకలు కాయలమీద విందు చేసికొనుచుండగా, కాపలా వృద్ధుడు మంచెమీద కూర్చుండి, వడిసెలను ప్రక్కన పెట్టి, పుస్తకములో లీనుడై యుండెను. తమ పూత పిందె కట్టెనని మాష్టారు పొంగిపోయి, “నేనిచ్చినదేనా?” అనిరి.

“కాదండి. మనవరాలు తెచ్చింది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ‘కొండపొలం’. కరువొస్తే గొఱ్ఱెల్ని తోలుకుని అడివికి పోయేవాళ్ళ కథ. మా నాన్నా గొఱ్ఱెలు కాసినోడే. తమరు చదివారా అయ్యగారూ?”

మాష్టారు చదువలేదు. ఊరందఱకును సిఫారసు చేసిన యా మహానుభావునకు అంతవరకు సిఫారసు చేసినవాడొక్కడును లేకపోయెనని నాకు అప్పుడు స్ఫురించెను. వృద్ధుడు ఉత్సాహముతో మంచె దిగివచ్చి, “మరి ఆఖర్న ఏమవుద్దంటే...” అని ప్రారంభించెను.

మాష్టారు రెండుచెవులు మూసికొని, తోటగట్టు వెంట పరుగు లంకించుకొనిరి.